తెల్లారి బేస్‌బాల్ చూసే ముందు దెబ్బల జాబితా చదవడం ఎలా

మాది బాపట్ల. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. 2023లో అమ్మాయి వాళ్ళింటికి, డల్లాస్ పక్కన ఇర్వింగుకి వెళ్ళి, జూన్ మొదటి వారం నుంచి నవంబరు దాకా ఉన్నాను. అక్కడ కారు తోలడం రాని మనిషికి పగలంతా చేసే పనేముంటుంది? వేసవి సెలవుల్లో ఉన్న మనవడు పక్కన కూర్చోబెట్టుకుని అక్కడి బేస్‌బాల్ జట్టు టెక్సాస్ రేంజర్స్ ఆటలు చూపించాడు. మొదటి వారం ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆగస్టు వచ్చేసరికి మా అల్లుడు ఆఫీసు నుంచి దిగుతూనే "ఇవాళ ఎవరు లేరు మావయ్య గారూ?" అని నన్నే అడిగేవాడు.

ఇంటికి వచ్చేసినా ఆ జబ్బు వదల్లేదు. ఎండాకాలంలో అక్కడ రాత్రి 7:05కి మొదలయ్యే ఆట మనకి తెల్లారి 5:35కి వస్తుంది. వాకింగుకి వెళ్ళే వయసు వాళ్ళకి ఇంతకన్నా మంచి వేళ ఏముంది? నాలాగే పిల్లల దగ్గరికి వెళ్ళి ఈ ఆట అంటించుకుని వచ్చినవాళ్ళు మన ఊళ్ళల్లో చాలామందే ఉన్నారు. ఆట చూస్తారు గానీ, ఆటకి ముందు ఎవరికి దెబ్బ తగిలింది, దానివల్ల ఏం మారుతుంది అన్నది పట్టించుకోరు. "పెద్దాయన లేడట, ఇవాళ పోయినట్టే" అనేసి టీవీ కట్టేస్తారు. అది తప్పు. దెబ్బ ఎవరికి తగిలిందన్నది సగం వార్తే. ఖాళీ ఎక్కడ పడింది, అందులోకి ఎవరొచ్చారు, వాళ్ళొచ్చిన చోట మళ్ళీ ఎవరు నిలబడ్డారు అన్నది మిగతా సగం. అది చూడటానికి అరగంట చాలు.

నేను చేసే పద్ధతి ఇది. ఒక నోటు పుస్తకం, పెన్సిలు. స్కూల్లో హాజరు పట్టీ రాసిన అలవాటు. పేజీ మీద మైదానం బొమ్మ గీసి, తొమ్మిది చోట్లా మామూలుగా ఉండే తొమ్మిది పేర్లు రాసుకుంటాను. పక్కన బ్యాటింగు వరుస రాస్తాను. పిచర్ (బంతి విసిరేవాడు) బదులు బ్యాటు పట్టే మనిషి, డీహెచ్ అంటారు, అతని పేరు కింద రాస్తాను. జట్లు ఆ రోజు వరుసని ఆటకి మూడు నాలుగు గంటల ముందే బయటపెడతాయి. మనం నిద్రలో ఉండగానే అది వచ్చేసి ఉంటుంది. 5 గంటలకి లేచి అమెరికా పెద్ద లీగు ఎంఎల్‌బీ యాప్‌లో జట్టు పేజీ తెరిస్తే ఆ రోజు వరుస, కిందటి రెండు రోజుల ట్రాన్సాక్షన్లు, అంటే జట్టులోకి ఎవరొచ్చారు ఎవరు పోయారు అన్నది, కనిపిస్తాయి. నా బొమ్మలో ఉండి వరుసలో లేని పేరుకి సున్నా చుడతాను. అక్కడి నుంచి అసలు పని.

సున్నా పడిన ప్రతివాడూ దెబ్బ తిన్నవాడు కాదు. ఏడాదికి 162 ఆటలు, దాదాపు రోజూ ఆటే. అందుకని బాగున్నవాణ్ణి కూడా అప్పుడప్పుడు కూర్చోబెడతారు. మార్కస్ సెమియన్ లాంటివాళ్ళు వేరు, 2023లో రేంజర్స్‌కి 162కి 162 ఆడాడు. మిగతావాళ్ళకి సెలవు రోజు మామూలే. రాత్రి ఆట ఆడి మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఆడాల్సి వస్తే క్యాచర్ని, అంటే బ్యాటు పట్టేవాడి వెనక కూర్చుని బంతి అందుకునేవాణ్ణి, మార్చడం రివాజు. అక్కడి ఫుట్‌బాల్లో వారానికో ఆట కాబట్టి ఎవరు అనుమానం, ఎవరు లేరు అని జాబితా కట్టి చెప్పి తీరాలి. బేస్‌బాల్లో ఆ పద్ధతి లేదు. "డే టు డే" అనే మాట ఒకటుంది. "రేపు చూద్దాం" అని దాని అర్థం. మన ఆఫీసుల్లో "ఫైలు పరిశీలనలో ఉంది" అన్నట్టే. ఆ మాట విన్నప్పుడు నేను సున్నా చుట్టి పక్కన ప్రశ్న గుర్తు పెడతాను, అంతే.

గట్టి కబురు ఇంజ్యూర్డ్ లిస్టు. 2019కి ముందు దీన్నే డిజేబుల్డ్ లిస్టు అనేవాళ్ళు. ఇందులో మూడు అంకెలు గుర్తుంచుకుంటే చాలు: 10, 15, 60. బ్యాటు పట్టేవాళ్ళయితే కనీసం 10 రోజులు, పిచర్లయితే కనీసం 15 రోజులు తిరిగి రాకూడదు. 60 అంటే రెండు నెలలు. తలకి దెబ్బ తగిలి మెదడు అదిరితే విడిగా 7 రోజుల జాబితా ఉంది. జట్టులో ఆడటానికి అర్హులు 26 మంది, అందులో పిచర్లు 13కి మించకూడదు. సెప్టెంబరులో 28 మంది అవుతారు. ఒకణ్ణి జాబితాలో పెడితేనే చిన్న లీగు నుంచి ఇంకొకణ్ణి తెచ్చుకునే చోటు దొరుకుతుంది. కాబట్టి ఆ జాబితా ఆరోగ్యం సంగతే కాదు, కుర్చీల లెక్క కూడా. జాబితాలో ఉన్నవాడి జీతం ఆగదు.

ఇందులో రెండు మెలికలున్నాయి. మొదటిది, తేదీని వెనక్కి జరపొచ్చు, కానీ మూడు రోజులకి మించి కాదు. మడమ బెణికిన ఆటగాణ్ణి మూడు రోజులు కూర్చోబెట్టి, నాలుగో రోజు జాబితాలో పెడితే, ఆ మూడు రోజులూ లెక్కలో కలుస్తాయి. అందుకే చిన్న దెబ్బకి జట్లు రెండు మూడు రోజులు ఊరుకుంటాయి. మూడు రోజులు దాటినా వాడు ఆడక, జాబితాలోకీ వెళ్ళకపోతే, ఇవాళో రేపో వచ్చేస్తాడని వాళ్ళు నమ్ముతున్నారని నేను రాసుకుంటాను. రెండోది, 60 రోజుల జాబితాలోకి మారిస్తే దెబ్బ ముదిరిందని కంగారు పడక్కర్లేదు. ఆ 26 మంది వెనక 40 మంది పెద్ద జాబితా ఉంటుంది. 60లోకి వెళ్ళినవాడు ఆ 40 లెక్కలోంచి బయటికి పోతాడు, కొత్తవాడికి చోటొస్తుంది. చాలాసార్లు అందుకే మారుస్తారు. ముదిరి మార్చిన సందర్భాలూ ఉన్నాయి, అవి కింద చెబుతాను.

ఇక దెబ్బ పేరు. ఇక్కడ నా సర్వీసు కొంచెం పనికొచ్చింది. కబడ్డీ పిల్లల తొడలు, వాలీబాల్ పిల్లల వేళ్ళు ఎన్ని చూశానో. స్ట్రెయిన్ అంటే కండ పట్టేయడం లేదా చీలడం. స్ప్రెయిన్ అంటే బెణుకు, ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంటుకి తగిలేది. గ్రేడ్ 1 అంటే కాస్త లాగింది, 2 అంటే కొంత తెగింది, 3 అంటే పూర్తిగా తెగింది. మా రోజుల్లో ఎముక అనుమానమొస్తే తండ్రులు పిల్లాణ్ణి పుత్తూరు కట్టుకి బస్సెక్కించేవాళ్ళు. ఇక్కడ సాయంత్రానికి ఎంఆర్ఐ అయిపోతుంది, మర్నాడు కబురొస్తుంది. ఎంఆర్ఐకి పంపారన్న వార్తకి పెన్సిలు కదపకండి. ఫలితం వచ్చాకే రాయండి.

హామ్‌స్ట్రింగ్, తొడ వెనక కండ, పరుగు మీద బతికేవాడికి తగిలితే వారాల మాట. 2023 ఏప్రిల్లో రేంజర్స్ షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడేవాడు) కోరీ సీగర్‌కి అదే పట్టేసి అయిదు వారాలు పోయాయి. అయినా ఆ ఏడాది మొత్తం మీద 119 ఆటల్లోనే 33 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టాడనుకోండి. ఆబ్లిక్ అనే మాట కనబడితే మాత్రం నేను పేరు పూర్తిగా కొట్టేస్తాను. పొట్ట పక్కన, పక్కటెముకల కింద ఉండే కండ అది. బ్యాటు తిప్పినా, బంతి విసిరినా ఒళ్ళు మెలితిరిగేది అక్కడే. మందు రాసి, పట్టీ వేసి ఆడే చోటు కాదు. తేలికదైనా మూడు నాలుగు వారాలు పడుతుంది.

అన్నిటికన్నా భయపడాల్సిన మాట చాలా మెత్తగా ఉంటుంది: పిచర్‌కి "ముంజేయి బిగుసుకుంది". బేస్‌బాల్ తెలిసినవాళ్ళు ఈ మాట వినగానే మోచేయి గుర్తు చేసుకుంటారు. మోచేతి లోపలి వైపు ఒక లిగమెంటు ఉంటుంది. గంటకి 95 మైళ్ళ మీద విసిరే చేతి బరువంతా దాని మీదే పడుతుంది. అది తెగితే టామీ జాన్ సర్జరీ. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే డాక్టరు, టామీ జాన్ అనే డాడ్జర్స్ పిచర్‌కి మొదటిసారి చేశాడు. ఒంట్లో ఇంకో చోట నుంచి తీసిన టెండన్‌ని (కండని ఎముకకి కట్టి ఉంచే తాడు) మోచేతిలో తెగిన లిగమెంటు స్థానంలో కట్టాడు. అప్పటిదాకా ఆ దెబ్బ అంటే ఆట ముగిసినట్టే. జాన్ 1975 అంతా కూర్చుని 1976లో తిరిగొచ్చాడు, 1989 దాకా ఆడాడు. అతని 288 గెలుపుల్లో 164 సర్జరీ తరవాతివే. ఇప్పటికీ ఆ సర్జరీ అంటే పిచర్‌కి ఏడాది నుంచి ఏడాదిన్నర.

నేను డల్లాసులో దిగిన వారంలోనే ఈ పాఠం కళ్ళ ముందు జరిగింది. రేంజర్స్ పిచర్ జేకబ్ డిగ్రామ్‌ని అయిదేళ్ళకి 185 మిలియన్ డాలర్లకి తెచ్చుకున్నారు. ఏప్రిల్ 28న ముంజేయి బిగుసుకుందని ఆట మధ్యలో దిగిపోయాడు. మొదట 15 రోజుల జాబితా. జూన్ మొదట్లో 60లోకి మార్చారు, మర్నాడే సర్జరీ మాట బయటికొచ్చింది. ఆ ఏడాదంతా కలిపి అతను మొదలుపెట్టినవి 6 ఆటలు. మా మనవడు భోజనం దగ్గర కూడా మాట్లాడలేదు. ఆ జట్టే ఆ ఏడాది వరల్డ్ సిరీస్, అంటే లీగు ఆఖరి కప్పు, గెలిచింది. దెబ్బల జాబితా చూసి టీవీ కట్టేయొద్దని నేను చెప్పేది అందుకే.

ఖాళీలోకి ఎవరొచ్చారన్నది చూసేటప్పుడు పేరు కన్నా గొలుసు చూడండి. సీగర్ లేనప్పుడు ఎజెకీల్ డ్యురాన్ షార్ట్‌స్టాప్‌లో నిలబడ్డాడు, బ్యాటుతోనూ బాగానే మోశాడు. ఒక్కడు మారితే సరిపోయింది. కానీ ఒక్కోసారి ఎడమ ఫీల్డులోవాణ్ణి మధ్యలోకి, మొదటి బేస్ దగ్గరవాణ్ణి ఎడమకి, బెంచి మీదివాణ్ణి మొదటి బేస్‌కి జరుపుతారు. పోయింది ఒక్కడే, అలవాటు లేని చోట నిలబడింది ముగ్గురు. నా పుస్తకంలో బాణం గీతలు రెండు దాటితే ఆ రాత్రి తప్పులు దొర్లుతాయని గుర్తు పెట్టుకుంటాను.

క్యాచర్ సంగతి మరీ వేరు. జట్టుకి మామూలుగా ఇద్దరే ఉంటారు. 2023 జులై చివర్లో జోనా హైమ్‌కి మణికట్టు టెండన్ పట్టేస్తే రేంజర్స్ పని మిచ్ గార్వర్ మీద పడింది. రోజుల్లోనే పిట్స్‌బర్గ్ నుంచి ఆస్టిన్ హెడ్జెస్‌ని తెచ్చుకున్నారు. ఎందుకంత తొందర? ఇద్దరు క్యాచర్లలో ఒకడు డీహెచ్‌గా బ్యాటు పడుతున్నాడనుకోండి. ఆట మధ్యలో రెండోవాడికి దెబ్బ తగిలితే డీహెచ్‌నే గ్లవ్ వేసుకోమని పంపాలి. అలా పంపిన క్షణం నుంచి ఆ జట్టుకి డీహెచ్ ఉండడు, పిచర్ వరుసలోకి వచ్చి బ్యాటు పట్టాలి. కాబట్టి వరుసలో డీహెచ్ ఎవరో చూసి, అతను క్యాచరేనా అని ఒకసారి సరిచూసుకోండి. నేను దాని పక్కన ఎర్ర చుక్క పెడతాను.

పిచర్ల దెబ్బ మాత్రం ఇవాళ తగిలి రేపటికీ, ఎల్లుండికీ నొప్పి పెడుతుంది. ఆట మొదలుపెట్టే పిచర్ అయిదారు రోజులకోసారి వస్తాడు. వాడు పోతే ఆ ఖాళీ వాడి వంతు రోజున కనిపిస్తుంది. మిగతా రోజుల్లో నొప్పి బుల్‌పెన్‌కి, అంటే వెనక నుంచి వచ్చే పిచర్లకి. కిందటి రెండు రాత్రుల స్కోరు కార్డు తెరిచి ఎవరు ఎన్ని బంతులు వేశారో చూడండి. రెండు రాత్రులు వరసగా వేసినవాడు మూడో రాత్రి ఉండడనే అనుకోండి. ఆటకి మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్, సమమైతే ఇంకా సాగుతుంది. మొదటివాడు దెబ్బతో రెండో ఇన్నింగ్స్‌లోనే దిగిపోయిన మర్నాడు, దెబ్బల జాబితాలో కొత్త పేరు లేకపోయినా ఆ జట్టు సగం చేతులతో ఆడుతున్నట్టే.

తిరిగొచ్చిన పేరు చూసి సంబరపడటంలోనూ జాగ్రత్త కావాలి. జాబితాలోంచి వచ్చేముందు చిన్న లీగులో కొన్ని ఆటలు ఆడించి చూస్తారు. పిచర్లకి 30 రోజుల దాకా, మిగతావాళ్ళకి 20 రోజుల దాకా గడువు. అలా వచ్చినా మొదటి రాత్రే వంద బంతులు వేయనివ్వరు. 2023 సెప్టెంబరులో రేంజర్స్ పిచర్ మ్యాక్స్ షెర్జర్‌కి భుజం వెనక కండ పట్టేసింది. అక్టోబరు 18న హ్యూస్టన్ మీద నేరుగా పెద్ద ఆటలో దింపారు. 4 ఇన్నింగ్స్, 5 పరుగులు ఇచ్చాడు, ఆట పోయింది. పేరు షెర్జర్‌దే, చెయ్యి మాత్రం అయిదు వారాలు ఖాళీగా ఉన్న చెయ్యి. నేను ఆ రాత్రి పుస్తకంలో అతని పేరుకి నిండు మార్కులు వేసి అల్లుడి దగ్గర అభాసుపాలయ్యాను.

క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళం ఒకచోట తప్పకుండా బోల్తా పడతాం. 2010 అక్టోబరులో మొహాలీలో మన లక్ష్మణ్ నడుం పట్టేసి, రైనాని రన్నరుగా పెట్టుకుని, 73 నాటౌట్ కొట్టి ఆస్ట్రేలియా మీద ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు గుర్తుందా? అలాంటిది బేస్‌బాల్లో కలలో కూడా కుదరదు. ఒకసారి బయటికి వెళ్ళినవాడు ఆ రాత్రికి తిరిగి రాలేడు. రిటైర్డ్ హర్ట్ అని కాసేపు కూర్చుని మళ్ళీ దిగడం లేదు, వాడి బదులు పరిగెత్తినవాడే వాడి చోట ఉండిపోవాలి. అందుకే మేనేజర్లు అనుమానంగా ఉన్నవాణ్ణి ముందే బెంచి మీద ఉంచుకుని, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక్కసారి బ్యాటు పట్టడానికి వాడుకుంటారు. వరుసలో పేరు లేదంటే ఆ రాత్రి అసలు కనిపించడని కాదు. జాబితాలో పడకుండా వరుసలో లేనివాడు ఆఖరి అస్త్రం. వాణ్ణి పేజీ అడుగున విడిగా రాసుకోండి.

ఇవన్నీ కలిపి ఒక్క రాత్రి చూద్దాం. 2023 అక్టోబరు 30, ఫీనిక్స్‌లో అరిజోనా మీద వరల్డ్ సిరీస్ మూడో ఆట. షెర్జర్ మూడు ఇన్నింగ్స్ వేసి వెన్ను పట్టేసి దిగిపోయాడు. జాన్ గ్రే వచ్చి మూడు ఇన్నింగ్స్ పరుగు ఇవ్వకుండా కాచాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అడోలిస్ గార్సియా బ్యాటు తిప్పి పక్క పట్టుకున్నాడు. ఆబ్లిక్. ఆ పోస్ట్ సీజన్లో, అంటే ఏడాది చివరి కప్పు పోటీల్లో, 22 పరుగులు తెచ్చినవాడు, అంతకు ముందు ఎవరూ అన్ని తేలేదు. మొదటి ఆటని పదకొండో ఇన్నింగ్స్‌లో ఒక్క దెబ్బతో గెలిపించినవాడు. రేంజర్స్ 3-1తో గెలిచారు గానీ ఇంట్లో చావు కబురు విన్నట్టుంది.

మర్నాడు హాలోవీన్. వేషాలేసుకున్న పిల్లలకి చాక్లెట్లు పంచే డ్యూటీ నాది. గుమ్మంలో గిన్నె పట్టుకుని ఉండగా మనవడు అరిచాడు, "తాతయ్యా, ఇద్దర్నీ తీసేశారు!" పోస్ట్ సీజన్లో దెబ్బకి మనిషిని మార్చుకుంటే తీసేసినవాడు ఆ సిరీస్‌లోకి తిరిగి రాకూడదు. గార్సియా, షెర్జర్ బదులు డ్యురాన్, బ్రాక్ బర్క్ జట్టులోకొచ్చారు.

పుస్తకం తీశాను. షెర్జర్ ఎలాగూ నిన్న వేశాడు, ఇవాళ వేయాల్సింది ఆండ్రూ హీనీ. కాబట్టి ఆ ఖాళీ ఇవాళ్టిది కాదు, సిరీస్ చివరిదాకా లాగితేనే కనిపిస్తుంది. గ్రే మూడు ఇన్నింగ్స్ వేసేశాడు, ఇవాళ ఉండడు. అది ఇవాళ్టి లోటు. గార్సియా కుడి ఫీల్డులో ట్రావిస్ జాంకోవ్‌స్కీ. బాణం గీత ఒక్కటే, ఇంకెవరూ కదల్లేదు. ఫీల్డింగు బాగుంటుంది, బ్యాటు మెత్తన, వరుసలో కింద పెట్టారు. పైన సెమియన్, సీగర్ అలాగే ఉన్నారు. అవతల అరిజోనాకి ఆ రాత్రి నికరమైన మొదటి పిచర్ లేడు, బుల్‌పెన్ మనుషుల్నే వంతులేసుకుని దింపుతున్నారు. అల్లుడు "కష్టం మావయ్య గారూ" అన్నాడు. "ఒక్క గీతే కదయ్యా" అన్నాను.

మూడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 10-0. సీగర్ హోమ్ రన్, సెమియన్ హోమ్ రన్. జాంకోవ్‌స్కీ రెండుసార్లు కొట్టి రెండు పరుగులు తెచ్చాడు. హీనీ అయిదు ఇన్నింగ్స్‌లో ఒక్కటే ఇచ్చాడు. చివరికి 11-7. మర్నాడు 5-0తో కప్పు. 1972లో టెక్సాస్‌కి వచ్చిన జట్టుకి అదే మొదటిది. నేను ముందే చెప్పానని మా అల్లుడు ఇప్పటికీ ఒప్పుకోడు. అవతలి జట్టుకి పిచర్ లేకపోవడం వల్ల గెలిచారంటాడు. అతను చెప్పిందీ నిజమే. ఒక జట్టు దెబ్బలు మాత్రమే చూస్తే సగం పేజీయే నిండుతుంది, కాబట్టి రెండు జట్లకీ బొమ్మ గీయండి.

ఇక ఆఖరి పని. 5:25కి యాప్ మళ్ళీ ఒకసారి తెరవండి. వరుస ప్రకటించాక కూడా, ప్రాక్టీసులో బ్యాటు తిప్పుతూ పక్క పట్టుకున్నవాణ్ణి పేరు కొట్టేసి తీసేస్తారు. స్క్రాచ్ అంటారు. ఆటకి ముందు రెండు జట్లూ వరుస కాయితాలు అంపైర్లకి ఇచ్చేదాకా ఎన్ని మార్పులైనా ఊరికే చేసుకోవచ్చు. ఇచ్చాక మారిస్తే ఆ మనిషి రాత్రంతా పోయినట్టే. కాబట్టి 5 గంటలకి చూసిన వరుస, 5:35కి నిలబడే వరుస ఒకటే కావాలని లేదు.

మా వీధిలో పాలాయన 5:30కి వస్తాడు. మీ ఊళ్ళోనూ అంతే అయితే గిన్నె ముందే గుమ్మం దగ్గర పెట్టేసుకోండి.